బండి తల దించడం

నాలో ఒక సుగుణం ఉంది. చెప్పుకోవడం తప్పు కాదనే అనుకుంటున్నాను. ఇంతవరకు ఏ గురువునీ శ్రమ పెట్టలేదు. సైకిలు తొక్కడం నాకు నేనే నేర్చుకున్నాను; ఎడమ మోచేతి మీద దానికి ఇప్పటికీ సాక్ష్యం ఉంది. టైపు కొట్టడం రెండు వేళ్ళతో నేనే నేర్చుకున్నాను. ఈత కూడా అంతే, కాకపోతే నా ఈత నడుము లోతు నీళ్ళు దాటితే పనిచెయ్యదు. పెద్దవాళ్ళ సమయం విలువైనది, మనలాంటివాళ్ళ కోసం దాన్ని పాడుచెయ్యకూడదని నా ఉద్దేశం. కొందరు దీన్ని అహంకారం అన్నారు. అలా అన్నవాళ్ళందరూ ఎవరో ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్ళే కాబట్టి, వాళ్ళ మాట నేను లెక్కలోకి తీసుకోలేదు. యాభై మూడో ఏట ఈ సుగుణాన్ని దాలినాయుడు మాస్టారు పాడుచేశారు. ఆ సంగతే చెప్పబోతున్నాను.

మా గుల్లపేట సముద్రపు ఒడ్డున ఒక సంఘం ఉంది. అలలకి బోటు తిరగబడినా, స్నానానికి వచ్చినవాళ్ళు లోతులోకి కొట్టుకుపోయినా పరుగెత్తేవాళ్ళ సంఘం. నేను దానికి సెక్రటరీని. నేను పరుగెత్తను, పరుగెత్తినవాళ్ళ పేర్లు రాస్తాను. ఆ వేసవిలో ఎవరో దాతలు సంఘానికి నాలుగు చక్రాల ఇసక బండి ఒకటి ఇచ్చారు. మోటారు సైకిలుకీ ట్రాక్టరుకీ పుట్టిన బిడ్డలా ఉంటుంది. కూర్చునే తీరు తల్లిది, చక్రాలు తండ్రివి. రేజు ఇవ్వడానికి పిడికిలి తిప్పక్కర్లేదు, కుడి బొటనవేలితో చిన్న మీట నొక్కితే చాలు. వెనక బ్రేకు కుడి పాదం కింద ఉంటుంది. బండిని తెచ్చిన పట్నం మనిషి ఒక మధ్యాహ్నం దాన్ని నడిపి చూపించాడు. ఒక్కసారి రేజు నొక్కి, వెనక్కి వాలి, ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేపి, అలాగే వంద గజాలు వెళ్ళిపోయాడు. దీన్ని వీలీ అంటారని చెప్పాడు. ఊరంతా ఆ చక్రాలే చూసింది. దాలినాయుడు మాస్టారు ఒక్కరే నడుం వంచి ఆ మనిషి కుడి పాదం చూశారు. ఆయన జేబులోంచి ఏదో పడిపోయింది, వెతుక్కుంటున్నారని నేననుకున్నాను.

మాస్టారు బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు కారు. ముప్ఫై ఏళ్ళు ట్రాక్టరు తోలారు. చుట్టుపక్కల ఊళ్ళలో ట్రాక్టరు తోలే ప్రతివాడికీ తోలడం నేర్పారు. ఆ విధంగా మాస్టారయ్యారు. వెనక ట్రక్కు బురదలో దిగబడినప్పుడు ట్రాక్టరు ముందు లేస్తుంది. లేచిన వెంటనే క్లచ్చి తొక్కినవాడు సాయంత్రానికి ఇంటికి వెళ్తాడు. ఆయన శాస్త్రం మొత్తం ఇంతే. వీలీ అనే మాట ఆయన నోట నేనెన్నడూ వినలేదు. ‘బండి తల ఎత్తింది’ అనేవారు. అది గొప్పా కాదు, తప్పూ కాదు. కట్టేసిన ఎద్దు తల ఎత్తినట్టు, బండికి అదొక స్వభావం అనే ధోరణిలో అనేవారు. ఇంకో సంగతి, ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, రెండో భుజం మీద వేసుకుంటారు. జవాబు ఆ రోజే రావచ్చు, వారానికి రావచ్చు. వచ్చేటప్పుడు మాట రూపంలో రాదు, ఏదో ఒక పని రూపంలో వస్తుంది.

బండి తల ఎత్తడం మాకు సరదా వ్యవహారం కాదు. పెద్ద పోటు వచ్చి వెళ్ళిన తరవాత మా సముద్రం ఒడ్డు పొడుగునా ఇసకని కోసేసి, మోకాలెత్తు గట్టు నిలబెట్టి పోతుంది. గట్టు కింద తడి ఇసక, గట్టు మీద పొడి ఇసక, ఆ పైన ఎక్కడో రోడ్డు. కింద పరుగెత్తే బండి పైకి రావాలంటే ముందు చక్రాలు గట్టు అంచు దాటేంత ఎత్తుకి లేవాలి. దాటగానే దిగాలి. లేవకపోతే బండి ముక్కు ఇసక గోడకి కొట్టుకుంటుంది. దిగకపోతే బండే మన మీదికి వస్తుంది. అందుకని బండిని అందరి చేతికీ ఇవ్వకూడదని, నేర్చుకున్నవాళ్ళలో ఒకరిని నిర్ణయించి తాళం వాళ్ళ దగ్గరే ఉంచాలని సంఘం తీర్మానం చేసింది. తీర్మానం రాసింది నేనే. మూడు వారాలు నేర్పిన తరవాత ఆదివారం నాడు పరీక్ష. నేర్పే పని మాస్టారిది. తాళం ఇచ్చే పని సంఘం పెద్ద సూరాడ లచ్చయ్యది.

నేర్చుకోవడానికి ముగ్గురం చేరాం. ఒకడు గనగళ్ళ ఢిల్లేసు. పాతికేళ్ళవాడు, చక్రాలున్నదేదైనా వాడి మాట వింటుంది. రెండోది మైలపల్లి నూకరత్నం. నాలుగేళ్ళుగా స్కూటీ మీద చేపల బుట్ట పెట్టుకుని సంతలు తిరుగుతున్న పిల్ల. ఏడాది కిందట ఒక పొద్దున్న అల కొట్టినప్పుడు ఆమె చిన్నాన్న నడుము బోటు అంచుకి తగిలింది. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి ఇసకలో రెండు మైళ్ళు మోసుకొచ్చారు. మోసిన నలుగురిలో రత్నం ఒకతె. రోడ్డు చేరేసరికి గంటన్నర పట్టింది. చిన్నాన్న బతికాడు గానీ మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళలేదు. గుమ్మంలో కూర్చుని వలలు బాగుచేస్తాడు. బండి ఊళ్ళోకి వచ్చిన రోజున రత్నం దాని చుట్టూ ఒకసారి తిరిగి, సీటు మీద చెయ్యి వేసి, “ఇదుంటే పది నిమిషాలు” అంది. ఆ మాట మళ్ళీ అనలేదు. ఆ పిల్లకి తాళం ఎందుకు కావాలో అక్కడున్న అందరికీ అర్థమైంది. అయినా లచ్చయ్య మాత్రం, “బరువు బండి కదేటి. ఆడపిల్ల దాని తల ఎత్తగలదా?” అన్నాడు.

మూడోవాణ్ణి నేను. సెక్రటరీ అన్నవాడికి ప్రతి పనీ కొంత తెలిసి ఉండాలని పైకి చెప్పాను. ముందు చక్రాలు గాల్లో ఉండగా ఫొటో తీయించుకుని, దాన్ని సంఘం కేలండరు మీద వేయించాలని లోపల ఉంది.

మొదటి వారమంతా మాస్టారు బండి తల ఎత్తనివ్వలేదు. దించడమే నేర్పారు. నెత్తికి హెల్మెట్టు, కాళ్ళకి బూట్లు, మణికట్టుకి ఒక తాడు. మనిషి బండి మీంచి జారితే ఆ తాడు ఊడి ఇంజను దానంతటదే ఆగిపోతుంది. ఈ అలంకారాలన్నీ చేసి, మమ్మల్ని ఇసక దిబ్బ మీదికి తోలమనేవారు. బండి ముక్కు పైకి చూడగానే పక్కనుంచి “దించు” అనేవారు. కుడి పాదంతో బ్రేకు నొక్కితే ముక్కు కిందికి ఊగుతుంది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ పైకి, మళ్ళీ “దించు.” రోజుకి నలభైసార్లు.

మూడో రోజున ఢిల్లేసు హెల్మెట్టు తీసి చంకలో పెట్టుకున్నాడు. “ఏటి మాస్టారూ, పొద్దున్న లేస్తే తల దించు, తల దించు. అత్తారింటికి ఎల్లబోయే పిల్లకి కూడా ఇంతలా సెప్పరు.”

మాస్టారు తువ్వాలు భుజం మార్చుకున్నారు. “ఇంకో పదిసార్లు” అన్నారు.

రెండో వారం చదునైన తడి ఇసక మీద తల ఎత్తనిచ్చారు. ఇక్కడ నా అనుభవం నలుగురికీ ఉపయోగపడవచ్చు. ముప్ఫై ఏళ్ళుగా స్కూటరు నడుపుతున్న మనిషిని నేను. రెండు చక్రాల బండి నడిపేవాడి కాలికి ఒకటే ధర్మం తెలుసు: భయం వేస్తే నేలకి ఆనడం. మన రోడ్ల మీద ఈ ధర్మమే మనల్ని కాపాడుతోంది. నాలుగు చక్రాల బండి మీద మాత్రం మన మడమకి జానెడు వెనకాలే ఇంకో చక్రం తిరుగుతూ ఉంటుంది, నేలకి ఆనిన కాలు దానికి మెట్టులా కనిపిస్తుంది. బూట్లు వేసుకోమని మాస్టారు ఆ రోజూ చెప్పారు. నా చెప్పులు కొత్తవి. రేజు నొక్కాను, వెనక్కి వాలాను, ముందు చక్రాలు లేచాయి. లేచిన ఆనందం నాకు కనురెప్పపాటు దక్కింది. తరవాత నా కుడి కాలు నన్ను అడక్కుండా బ్రేకు వదిలేసి నేలని వెతుక్కుంటూ వెళ్ళింది. వెనక చక్రం మడమ ఎక్కి, చెప్పు లాక్కుంది. మణికట్టు తాడు ఊడి ఇంజను ఆగింది. చూసుకుంటే నేను బండి వెనక ఇసకలో, పీట మీద భోజనానికి కూర్చున్నంత పద్ధతిగా కూర్చుని ఉన్నాను.

“సెక్రటరీ గారూ, తల ఎత్తేరు” అన్నారు మాస్టారు నన్ను లేవదీస్తూ. “కాలు మాత్రం ఇంకా స్కూటరు మీదే ఉంది.”

వారం రోజులు కుంటుతూ తిరిగాను. కనుక ఆ తరవాత జరిగిందంతా నేను ఒడ్డున తిరగేసిన బోటు మీద కూర్చుని చూసిందే. నా తప్పే రత్నమూ చేసింది. స్కూటీకి బ్రేకులు రెండూ చేతుల్లోనే ఉంటాయి. ఆ బండి మీద కాళ్ళకి దిగడం తప్ప ఇంకో ఉద్యోగం లేదు. రత్నం బండి తల చక్కగానే ఎత్తేది. బరువు సంగతి లచ్చయ్య అనుకున్నట్టు కాదు, రేజుకీ వాలడానికీ సమయం కుదిరితే చంటిబిడ్డని ఎత్తినట్టు లేస్తుంది. కానీ లేవగానే ఆ పిల్ల కుడి పాదం బ్రేకు వదిలేసేది. దించేవాళ్ళు లేక బండి వెనక్కి వాలిపోయేది. రెండుసార్లు వెనక్కి దూకి తప్పుకుంది. మూడోసారి పడింది. లేచి మొహం మీది ఇసక తుడుచుకుని, “కాలు నా మాట ఇనట్లేదు మాస్టారూ. ఏటి సెయ్యమంటారు?” అని అడిగింది.

మాస్టారు తువ్వాలు దులిపి, నీళ్ళ వారగా నడిచి, వంగి వంగి ఏవో ఏరుకొచ్చారు. పల్చటి గుల్లలు, గోరంత మందం కూడా లేనివి. ఒకదాన్ని బ్రేకు మీద పెట్టి, దాని మీద రత్నం పాదం పెట్టించారు. కాలు తీస్తే గుల్ల జారిపోతుంది. భయపడి తొక్కేస్తే పగిలిపోతుంది. జారకుండా, పగలకుండా ఉంటేనే ఆ ప్రయత్నం లెక్క. ఇది ఆయన నోటితో చెప్పలేదు. మొదటి గుల్ల జారినప్పుడు రెండోది పెట్టారు, రెండోది పగిలినప్పుడు మూడోది పెట్టారు, అంతే. ఆ రోజు పదిహేడు గుల్లలు పోయాయి. మర్నాడు పధ్నాలుగు. తొమ్మిదో రోజుకి పొద్దున్న పెట్టిన గుల్లే సాయంత్రం దాకా ఉంది. తొమ్మిది రోజుల్లో ఆ పిల్ల ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ఒక్కసారి కూడా మమ్మల్ని చూసి నవ్వలేదు. నేను చాలామంది చదువుకున్నవాళ్ళని చూశాను గానీ, ఒక పాదం చేత ఇంత చదివించిన మనిషిని చూడలేదు.

ఈలోగా ఢిల్లేసు విద్య ఎక్కడికో వెళ్ళిపోయింది. బోట్ల దగ్గర తల ఎత్తితే వంద గజాల అవతల సంఘం జెండా కర్ర దగ్గర దించేవాడు. మధ్యలో బొటనవేలితో రేజుని పొంగిస్తూ, తగ్గిస్తూ, తక్కెడ ముల్లుని నిలబెట్టినట్టు బండిని నిలబెట్టేవాడు. చూడటానికి ఎంతో అందంగా ఉండేది, అబద్ధం ఎందుకు. వలలు లాగుతున్నవాళ్ళు ఆపి చూసేవాళ్ళు. వాడు రత్నం ముందునుంచి వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి అనేవాడు.

“రత్తీ, గుల్లలేటి అలగ ఏరతన్నావు, దండ గుచ్చుకుంటావా? దండ నువ్వేసుకో, తాళం నాకొగ్గేయ్.”

“నువ్వు ముందర కిందకి దిగి మాటాడు బావా. పైకి సూసి సూసి నా మెడ పట్టేసింది” అనేది రత్నం.

పైకి అలా అన్నా, లోపల దిగులు పడుతూనే ఉంది. పరీక్షకి ముందు గురువారం నాడు, ఢిల్లేసు వంద గజాలూ వెళ్ళి వచ్చిన తరవాత, మాస్టారి దగ్గరికి వచ్చి నిలబడింది. అప్పటికి ఆ పిల్ల రెండు బండ్ల పొడవు కంటే ఎక్కువ దూరం తల ఎత్తి వెళ్ళగలిగేది కాదు.

“మాస్టారూ, ఒక మాట సెప్పండి. ఎంతసేపు తల ఎత్తి ఉంచితే నాకు వొచ్చినట్టు?”

మాస్టారు తువ్వాలు తీశారు, దులిపారు, రెండో భుజం మీద వేసుకున్నారు. నేను కూర్చున్న బోటు దగ్గరికి వచ్చారు. “సెక్రటరీ గారూ, మీది పాత చొక్కా ఒకటుంటే ఇస్తారా?” అన్నారు.

పాతది అడిగారు గదా అని నీలం గళ్ళ చొక్కా ఇచ్చాను. ఊళ్ళో నన్ను ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టడానికి పనికొచ్చే చొక్కా అది. మాస్టారు దాన్ని, ఎవరిదో చిరిగిన పేంటునీ కలిపి కుట్టి, లోపల కొబ్బరి పీచూ, చివికిన వలలూ కూరారు. వలకి కట్టే తెల్లటి బెండుని తల చేశారు. పొట్ట దగ్గర పీచు కొంచెం ఎక్కువే పట్టించారు. అది పోలిక కోసమని తెలిసి ఊరుకున్నాను. బొమ్మకి పేరు పెట్టే శ్రమ ఎవరికీ కలగలేదు. శుక్రవారం సాయంత్రానికల్లా ఊరంతా దాన్ని సెక్రటరీ గారనే పిలుస్తోంది.

ఆదివారం పొద్దున్నకి పోటు తీసింది. మోకాలెత్తు గట్టు, కత్తితో కోసినట్టు, తాజాగా ఉంది. సంఘం మనుషులంతా గట్టు పైన నిలబడ్డారు. చేపలు ఆరబెట్టే ఆడవాళ్ళు పని ఆపి వచ్చారు. నేను నా బోటు మీద పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను. బొమ్మని మాస్టారు గట్టు అంచుకి పది అడుగుల లోపల, పొడి ఇసకలో పడుకోబెట్టారు. కింద బండి మీద ఉన్నవాళ్ళకి అది కనిపించదు. అప్పుడు గట్టు దిగి వెళ్ళి, ఢిల్లేసుకీ రత్నానికీ చెప్పారు.

“సెక్రటరీ గారు పైన ఎక్కడో పడి ఉన్నారు. ఆయన దగ్గరికి ఎల్లాలి. ఒకరి తరవాత ఒకరు.”

ఇంకేదైనా చెబుతారేమోనని ఇద్దరూ చూశారు. ఆయన గట్టెక్కి పక్కకి నిలబడ్డారు.

ఢిల్లేసు ముందు వచ్చాడు. నీళ్ళ వార నుంచి వంపు తిరిగి, గట్టుకి ఎదురుగా వచ్చి, సరిగ్గా ఎక్కడ ఎత్తాలో అక్కడ ఎత్తాడు. ముందు చక్రాలు అంచుకి అందకుండా పైనుంచి వెళ్ళాయి. వెనక చక్రాలు ఇసక చిమ్ముతూ గట్టెక్కాయి. ఇంకొకడైతే అక్కడ దించి ఊపిరి పీల్చుకునేవాడు. వాడు దించలేదు. జనం ఈల వేశారు, వాడు ఆ ఈల మీదే బండిని నిలబెట్టుకుని జెండా కర్ర దాకా తీసుకుపోయాడు. అక్కడ పువ్వు పెట్టినంత మెత్తగా దించి, గుండ్రంగా తిరిగి వచ్చాడు. వచ్చేసరికి ఈలలు లేవు. అందరూ కిందికి చూస్తున్నారు.

“ఒరే ఢిల్లేసూ,” అన్నాడు లచ్చయ్య. “సెక్రటరీ గారి మీంచి పోయేవురా.”

“ఎక్కడా?” అని వాడు వెనక్కి తిరిగి చూశాడు. నీలం గళ్ళ మీద అడ్డంగా, చక్రం గుర్తు అచ్చు వేసినట్టు పడింది. ఒకవైపు కుట్టు విడిపోయి పీచు బయటికి వచ్చింది. వాడు బండి దిగలేదు. హెల్మెట్టు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తరవాత నెమ్మదిగా, “నాకు కనపళ్ళేదు. తల ఎత్తి ఉన్నప్పుడు ముందర ఆకాశమే గదా” అన్నాడు. వాడిలో నాకు నచ్చింది ఇదే. చక్రం తగలలేదని వాదించవచ్చు, బొమ్మే గదా అని నవ్వెయ్యవచ్చు. వాడు ఆ రెండూ చెయ్యలేదు.

మాస్టారు పీచు లోపలికి తోసి, బొమ్మని ఎత్తి ఇంకో చోట, ఇంకా అంచుకి దగ్గరగా పడుకోబెట్టారు. ఎక్కడ పెట్టారో కిందనున్న రత్నానికి తెలియదు.

రత్నం వచ్చింది. రేజు చాల్లేదు. ముందు చక్రాలు అంచు దాకా వెళ్ళకుండానే గట్టుకి కొట్టుకున్నాయి, ఇసక పెళ్ళ ఒకటి విరిగి బండి మీద పడింది, ఇంజను ఆగింది. ఆడవాళ్ళలో ఎవరో నవ్వారు. లచ్చయ్య, “సెప్పేనా లేదా, బరువు బండని” అన్నాడు. మాస్టారు అటు చూడలేదు, ఇటు చూడలేదు. నేను మాత్రం ఆ పిల్ల కుడి పాదం చూశాను. దెబ్బకి ఒళ్ళంతా ముందుకి తూలినా పాదం బ్రేకు మీదే ఉంది.

బండిని వెనక్కి నెట్టుకుంది. సీటు మీది ఇసక చేత్తో తుడిచింది. మళ్ళీ ఎక్కి, నీళ్ళ వార దాకా వెళ్ళి, తిరిగి వచ్చింది. ఈసారి తల లేచింది. అంచు కంటే జానెడు ఎత్తు, అంతకంటే లేదు. ముందు చక్రాలు అంచు దాటాయో లేదో, బండి ముక్కు కిందికి ఊగింది. వెనక చక్రాలు గట్టెక్కాయి. బండి కాస్త పక్కకి తిరిగి, రెండుసార్లు కుదిపి, ఆగిపోయింది. చూడటానికి ఏమీ బాగాలేదు. మనిషి ‘అమ్మా’ అనేంతసేపు కూడా ఆ తల గాల్లో లేదు. ముందు చక్రానికీ బొమ్మ తలకీ మధ్య రెండు మూరల ఇసక ఉంది.

ఎవరూ ఈల వెయ్యలేదు. వెయ్యాలో లేదో వాళ్ళకి తెలిసేలోపే రత్నం బండి దిగింది. మోకాళ్ళ మీద కూలబడి, బెండు తలని మెల్లగా ఒక పక్కకి తిప్పింది. ముక్కు లేని ఆ మొహం దగ్గర చెవి పెట్టింది. నా చొక్కా కాలరు వదులు చేసి, లోపల రెండు వేళ్ళు ఆనించింది. “సెక్రటరీ గారూ, వినపడతందా? సెక్రటరీ గారూ” అని పిలిచింది.

“ఆఁ” అన్నాను నేను బోటు మీంచి.

అందరూ పగలబడి నవ్వారు. రత్నం నవ్వలేదు. ఆ పిల్లకి నేను పలికింది వినపడనేలేదు. నడుం దగ్గర, చక్రం గుర్తు పడిన చోట, బొమ్మ కింద రెండు చేతులూ పెట్టి, “నడుం కదలకుండా పట్టుకోవాలి. ఒకరు రండి, ఇటు పట్టండి” అంది తల ఎత్తకుండా. నవ్వు దానంతటదే ఆగిపోయింది. ఏడాది కిందట మంచం మోసిన మిగతా ముగ్గురూ అక్కడే ఉన్నారు. వాళ్ళలో ఒకాయన మొహం తిప్పుకున్నాడు. ముందుగా కదిలింది ఢిల్లేసు. వచ్చి రెండో వైపు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పిల్ల ఎలా చెబితే అలా పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పీచుబొమ్మని, లోపల ఎముకలున్నట్టుగా, దెబ్బతిన్నవాళ్ళని మొయ్యడానికి బండి వెనక బిగించిన పలక మీదికి చేర్చారు.

లచ్చయ్య వచ్చి బండి తాళం తీసి చేతిలో పట్టుకున్నాడు. తాళాన్నొకసారి, మాస్టారినొకసారి చూశాడు. మాస్టారు సముద్రం చూస్తున్నారు.

“ఆ పిల్లకిచ్చేయండి మావా” అన్నాడు ఢిల్లేసు. “నాను ఎనకాల కూకుని పట్టుకుంటాను. పట్టుకునేవోడు కూడా ఒకడుండాల గదా.”

లచ్చయ్య “బరువు బండే” అని, ఇంకేదో అనబోయి మానుకుని, తాళం రత్నం చేతిలో పెట్టాడు. రత్నం దాన్ని చీర కొంగు చివర ముడి వేసుకుని, ముడిని రెండుసార్లు లాగి చూసుకుంది. తీర్మానం పుస్తకంలో ఆమె పేరు రాసేటప్పుడు, నా చేతిరాత మామూలు కంటే బాగా కుదిరింది. ఇది నేను ఆ పుస్తకం చూపించి రుజువు చెయ్యగలను.

జనం వెళ్ళిపోవడం మొదలుపెట్టాక ఆ పిల్ల మాస్టారి దగ్గరికి వచ్చింది. చేతులకింకా కొబ్బరి పీచు అంటుకునే ఉంది.

“మాస్టారూ, గురువారం నాడు ఒక మాట అడిగేను. మీరు సెప్పలేదు. ఎంతసేపు తల ఎత్తి ఉంచితే వొచ్చినట్టు?”

మాస్టారు ఈసారి తువ్వాలు ముట్టుకోలేదు. బండి పలక మీద, నీలం గళ్ళ చొక్కాలో, బెండు తల పక్కకి వాల్చి పడుకున్న మనిషి వైపు గడ్డంతో చూపించారు.

“సెక్రటరీ గారిని అడుగు” అన్నారు.

ఆయన ఎవరిని చూపించారో నేను చూశాను. రత్నం మాత్రం తల తిప్పి, బోటు మీద కూర్చున్న నన్ను చూసింది. ఢిల్లేసూ చూశాడు. లచ్చయ్యా చూశాడు. నేను పుస్తకం మూసి చంకలో పెట్టుకుని, మళ్ళీ మొదటినుంచి నేర్పమని మాస్టారిని అడిగాను. ఇది జరిగి నాలుగేళ్ళయింది. మాస్టారు గురువారం గురువారం నాకు ఇప్పటికీ నేర్పుతూనే ఉన్నారు. బండి తల ఎత్తడం పదిసార్లలో ఆరుసార్లు వస్తోంది. దించడం ఇంకా రాలేదు.